స్మార్ట్ మీటరు కరెంటు మిగులుస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ మీటర్ల గురించే. కొందరికి మీటరు వచ్చేసింది, కొందరికి రాబోతోంది, కొందరు సొంతంగా కొనుక్కుందామా అని ఆలోచిస్తున్నారు. అందుకని వేరే ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేసి ఈసారి పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

*

ప్రశ్న: మా ఇంటికి స్మార్ట్ మీటరు పెడతామని చెప్పి వెళ్ళారు. బిల్లు తగ్గుతుందని ఒకరంటారు, పెరుగుతుందని ఇంకొకరంటారు. ఇంతకీ దీనివల్ల మాకేమైనా లాభం ఉందా? తిప్పి తిప్పి చెప్పకుండా ఒక్క మాటలో చెప్పండి.
(ఒక గృహిణి)

జవాబు: మీటరు మార్చినంత మాత్రాన ఒక్క యూనిట్ కూడా తగ్గదండీ. మీటరు పని కొలవడం. స్మార్ట్ మీటరు చేసే అదనపు పనల్లా ఆ కొలతను పావుగంటకో అరగంటకో ఒకసారి రాసిపెట్టుకుని, మొబైల్ నెట్‌వర్క్ మీదో, రేడియో ద్వారానో, కొన్నిచోట్ల కరెంటు తీగల మీదుగానే విద్యుత్ సంస్థకు పంపించడం. ఆ రాసిపెట్టిన లెక్కను మీ ఇంట్లో ఎవరైనా తెరిచి చూసి, ఏదో ఒకటి మార్చుకుంటేనే మీకు లాభం. ఎవరూ చూడకపోతే పాత మీటరుకీ దానికీ మీ వరకు పెద్ద తేడా ఏమీ లేదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. బ్రిటన్‌లో 2007 నుంచి 2010 దాకా 60,000కు పైగా ఇళ్ళతో ప్రభుత్వం ఒక పెద్ద పరిశీలన చేయించింది. స్మార్ట్ మీటరుతో పాటు, ఇప్పుడు ఎంత కాలుతోందో ఎప్పటికప్పుడు చూపించే చిన్న తెర కూడా ఇచ్చిన ఇళ్ళలో వాడకం దాదాపు 3 శాతం తగ్గింది. అంతకు ముందు 2006లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు సారా డార్బీ అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, వాడకం కళ్ళముందు కనబడుతుంటే 5 నుంచి 15 శాతం దాకా తగ్గించుకోవచ్చని రాశారు. అంటే శ్రద్ధ పెట్టే ఇంట్లో ఆ 15 శాతానికి దగ్గరగా వెళ్ళొచ్చు, మామూలుగా అందరినీ కలిపి లెక్కేస్తే మాత్రం వచ్చేది చాలా తక్కువ.

మొదటి లాభం విద్యుత్ సంస్థదే. రీడింగు కోసం మనిషి ఇంటింటికీ తిరగక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెక్కతో ఇళ్ళ లెక్కలు కలిపి చూసి కరెంటు ఎక్కడ దొంగతనంగా పోతోందో పట్టుకోవచ్చు. బిల్లు కట్టకపోతే ఆఫీసులో కూర్చునే కనెక్షన్ ఆపేయొచ్చు. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001లోనే మొదలుపెట్టి 3 కోట్ల దాకా ఇలాంటి మీటర్లు బిగించింది కూడా ముఖ్యంగా వీటి కోసమే. జర్మనీ అయితే 2013లో లెక్కలు వేయించుకుని, చిన్న వాడకందార్లకు ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అని తేలడంతో అందరికీ ఒకేసారి పెట్టడం మానుకుంది. 2016 చట్టంలో ఏడాదికి 6,000 యూనిట్లు దాటి వాడేవాళ్ళకు తప్పనిసరి చేసింది. ఈ రెండు దేశాల అనుభవం పక్కపక్కన పెట్టి చూస్తే, లాభం ముందు సంస్థకే, చిన్న వాడకందార్లకు తక్కువే అని అర్థమైపోతుంది.

మీకు కచ్చితంగా వచ్చే మేలు ఒకటుంది. తలుపు తాళం వేసి ఉందని అంచనాగా రీడింగు వేసి, ఆ తర్వాత నెలలో అంతా ఒకేసారి మోపే బాధ తప్పుతుంది. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. కాబట్టి నా సలహా, ఉచితంగా పెడుతుంటే పెట్టించుకోండి, కానీ ఆ గంటగంటకూ ఉన్న లెక్కను మీరు చూసుకునే వీలు, అంటే యాప్ గానీ వెబ్‌సైట్ గానీ, ఉందో లేదో ముందే అడగండి. లెక్కంతా వాళ్ళకి పోయి మీకు నెలాఖరు బిల్లు మాత్రమే వస్తుంటే ఆ మీటరు మీ కోసం పెట్టింది కాదు. మీ ఇంటి వాడకం వివరాలు మీవి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

*

ప్రశ్న: మీటరు పెట్టారు, యాప్ కూడా ఇచ్చారు. తెరిస్తే ఎత్తుపల్లాలుగా ఒక గ్రాఫు కనిపిస్తుంది. రెండు రోజులు చూసి మానేశాను. దాంట్లో ఏం చూడాలి సార్?
(ఒక ఉద్యోగి)

జవాబు: నాకు ఈసారి వచ్చిన వాటిలో నచ్చిన ప్రశ్న ఇదే. అందరూ ఎత్తులు చూస్తారు, గీజరు వేసినప్పుడు గీత ఎలా లేచిందో చూసి ఆశ్చర్యపోతారు, తర్వాత విసుగొచ్చి మూసేస్తారు. మీరు చూడాల్సింది పల్లాలు. ఇంట్లో అందరూ పడుకున్నాక, రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య గీత ఎంత ఎత్తులో నిలబడి ఉందో చూడండి. ఏసీ, ఫ్యాన్లు నడుస్తుంటే లెక్క కలిసిపోతుంది కాబట్టి ఇల్లు తాళం వేసి ఊరెళ్ళిన రోజు దొరికితే ఇంకా మంచిది. ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా కాలుతున్న కరెంటు అది.

లెక్క సులువు. అరగంటకోసారి చూపించే మీటరైతే ఆ అంకెను రెండుతో, పావుగంటదైతే నాలుగుతో గుణించండి, కిలోవాట్లు వస్తాయి. అరగంటకు 0.05 యూనిట్ అని ఉందనుకోండి, అంటే 0.1 కిలోవాట్, 100 వాట్లు. చూడ్డానికి ఒక పాత బల్బంత. కానీ అది పగలూ రాత్రీ ఆగకుండా కాలుతుంది కాబట్టి నెలకు 72 యూనిట్లు, ఏడాదికి 876 యూనిట్లు. మీ బిల్లులో నెలకు ఎన్ని యూనిట్లు వస్తున్నాయో చూసుకుని, అందులో ఈ 72 ఎంత వంతో మీరే లెక్కేసుకోండి. చాలామందికి ఆ వంతు చూశాకే ఈ మీటరు మీద ఆసక్తి పుడుతుంది.

తర్వాత వెతుకులాట. మెయిన్ బోర్డు దగ్గర ఎంసీబీలు (ఒక్కో లైనును ఆపే చిన్న స్విచ్చులు) ఒక్కొక్కటీ ఆపుతూ మీటరు తెర మీద అప్పటికప్పుడు కనిపించే లోడు ఎంత తగ్గుతోందో చూడాలి, యాప్‌లో లెక్క ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఈ పనికి యాప్ పనికిరాదు. ఎక్కువగా దొరికేవి ఇవీ: టీవీ ఆపేసినా ఆగని సెట్‌టాప్ బాక్సు, రౌటరు, సీసీ కెమెరాల రికార్డరు, ఎప్పుడో కొని ప్లగ్గులో వదిలేసిన కంప్యూటర్ యూపీఎస్, బ్యాటరీ ముసలిదైపోయి ఎంత ఛార్జి పెట్టినా నిండక లాగుతూనే ఉండే ఇన్వర్టర్. ఈ ఇన్వర్టర్‌ను ఎవరూ అనుమానించరు, అది కరెంటు ఇచ్చే వస్తువు కదా అనుకుంటారు.

ఫోన్ ఛార్జర్ల మీద మాత్రం పడకండి. ఫోను తగిలించకుండా ప్లగ్గులో వదిలేసిన మంచి ఛార్జరు తాగేది చాలా కొంచెం. చాలా ఇళ్ళలో పిల్లల్ని దీని గురించి కేకలేస్తారు, పక్కనే సెట్‌టాప్ బాక్సు ఏడాదంతా వెలుగుతూనే ఉంటుంది. 10 వాట్లు ఆగకుండా లాగే వస్తువు ఏడాదికి దాదాపు 88 యూనిట్లు తింటుంది, దాని మీద పెట్టండి మీ దృష్టి.

ఇక పగటి గీతల్లోనూ చదవగలిగినవి కొన్నున్నాయి. ఇన్వర్టర్ కంప్రెసర్ లేని మామూలు ఫ్రిజ్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది, గీత మెట్లుమెట్లుగా ఉంటుంది. మీ దాంట్లో ఆగడమే కనబడకపోతే తలుపు రబ్బరు వదులైందేమో, వెనక గోడకు మరీ ఆనించేశారేమో చూడండి. గీజరు సంగతి: 15 లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 0.6 యూనిట్ సరిపోతుంది, భౌతిక శాస్త్రం అంతకంటే ఎక్కువ అడగదు. మీ గ్రాఫులో గీజరు పూట అంతకు మూడు నాలుగు రెట్లు కనిపిస్తూ, ఎవరూ స్నానం చేయని వేళల్లో కూడా చిన్న చిన్న గీతలు లేస్తున్నాయంటే స్విచ్ వేసి మర్చిపోతున్నారన్న మాట, చల్లారిన వేడిని అది మళ్ళీ మళ్ళీ నింపుకుంటోంది.

అన్నిటికంటే నీళ్ళ మోటారు కథ ఆసక్తిగా ఉంటుంది. అదే ట్యాంకు నిండడానికి ఇదివరకు అరగంట పట్టేది ఇప్పుడు ముప్పావుగంట పడుతోందని గ్రాఫు చెబుతుంటే ఫుట్‌వాల్వు కారుతోందో, లోపల నీళ్ళను తోసే చక్రం (ఇంపెల్లర్) అరిగిందో, బోరులో నీళ్ళే తగ్గాయో అయ్యుండాలి. నిండే టైము మారకుండా రోజుకు ఒకసారి వేసే మోటారు రెండుసార్లు వేయాల్సి వస్తుంటే ఎక్కడో నీళ్ళు పోతున్నాయి, ముందు టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు చూడండి. కరెంటు మీటరు చూసి నీళ్ళ లీకు పట్టుకోవచ్చని చాలామందికి తోచదు.

నెలంతా యాప్ పట్టుకుని కూర్చోనవసరం లేదు. మొదట ఒక వారం గట్టిగా చూడండి, మార్చాల్సినవి మార్చండి, ఆ తర్వాత నెలకోసారి ఆ రాత్రిపూట గీత పైకి జరిగిందా అని చూస్తే చాలు.

*

ప్రశ్న: కొత్త మీటరు వచ్చిన నెల నుంచే మా బిల్లు పెరిగింది. మేము కొత్తగా ఏ వస్తువూ కొనలేదు. ఆఫీసులో అడిగితే మీటరు కరెక్టే అంటారు. ఇది మోసం కాక మరేమిటి? చాలా టెన్షన్‌గా ఉంది.
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీ కోపం అర్థం చేసుకోగలను. మోసం అనేముందు ఒక్కొక్కటీ తేల్చుకుందాం.

మొదట బిల్లు కాగితం. పాత మీటరు చివరి రీడింగు ఎంత వేశారు, బిల్లు ఎన్ని రోజులకు వేశారు చూడండి. మీటరు మార్చిన నెలలో పాత బకాయి యూనిట్లూ కొత్తవీ కలిసిపోవడం, బిల్లు రోజులు ఎక్కువ కావడం మామూలుగా జరిగేదే. ఇంకా మీటరు మారని పాఠకులకు కూడా చెబుతున్నాను, పాత మీటరు విప్పేముందు దాని రీడింగు, నంబరు కనబడేట్టు ఒక ఫోటో తీసిపెట్టుకోండి. గొడవ వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

రెండోది, పాత మీటరు తక్కువ చూపించి ఉండొచ్చు. మీది చక్రం తిరిగే మీటరైతే ఇది బాగా జరిగే విషయం. ఆ అల్యూమినియం చక్రం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, దుమ్ము చేరి, బేరింగు అరిగి నెమ్మదిస్తుంది. చిన్న లోడుకు అసలు కదలదు కూడా. రాత్రంతా కాలే పది పదిహేను వాట్లు ఆ మీటరుకు కనబడేవి కావు, ఎలక్ట్రానిక్ మీటరుకు కనబడతాయి. వినడానికి బాధగానే ఉంటుంది, కానీ ఇన్నాళ్ళూ కాలినదే ఇప్పుడు లెక్కలోకి వచ్చిందన్న మాట.

మూడోది వైరింగు. దీని గురించి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు మాత్రం తెలుసు. కరెంటు ఫేజ్ వైరులో వెళ్ళి న్యూట్రల్ వైరులో తిరిగి రావాలి, రెంట్లోనూ ఒకే కరెంటు ఉండాలి. ఇప్పటి మీటర్లు చాలావరకు రెండు వైర్లనూ కొలుస్తాయి, తేడా ఉంటే ఎక్కువ ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకునేవి ఉన్నాయి. ఒకే భవనంలో రెండు మూడు వాటాలుండి, ఎప్పుడో ఎవరో పక్కవాటా న్యూట్రల్‌ను మీ న్యూట్రల్‌తో కలిపేసి ఉంటే పక్కవాళ్ళు కాల్చింది మీ మీటరులో పడుతుంది. పాత మీటరు ఫేజ్ ఒక్కటే చూసేది కాబట్టి ఇన్నేళ్ళూ బయటపడలేదు. పరీక్ష చాలా తేలిక. మీ ఇంటి మెయిన్ ఆపేయండి. ఆపేశాక కూడా మీటరు మీద, కరెంటు కాలేకొద్దీ మిణికే చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటే, మీ వైరింగులోకి ఇంకొకరి కరెంటు వస్తోంది లేదా మీ మెయిన్‌కు ముందే ఎవరో లైను తీసుకున్నారు. వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మెయిన్ స్విచ్ న్యూట్రల్‌ను కూడా కోసేసే రకమైతే ఈ పరీక్షలో న్యూట్రల్ కలిసిన సంగతి బయటపడకపోవచ్చు, అప్పుడు క్లాంప్ మీటరుతో రెండు వైర్లూ విడివిడిగా కొలిపించాలి.

నాలుగోది మీటరు తప్పు. అసలు జరగదని నేను అనను. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో 2017లో 9 ఎలక్ట్రానిక్ మీటర్లను పరీక్షిస్తే 5 మీటర్లు ఉన్నదానికంటే చాలా ఎక్కువ చూపించాయి, ఒక సందర్భంలో తేడా 582 శాతం దాకా వెళ్ళింది. 2 మీటర్లు తక్కువ చూపించాయి. అయితే అది ప్రయోగశాలలో, డిమ్మరు పెట్టిన ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ దీపాల గుంపుతో కరెంటు తరంగం బాగా చెదిరిపోయేట్టు చేసి పెట్టిన పరీక్ష. ఎక్కువ చూపించిన వాటిలో కరెంటును కొలిచేది రొగోవ్‌స్కీ కాయిల్ అనే రకం. మామూలు ఇంట్లో ఇంత తేడా రావడం అరుదు, కానీ "డిజిటల్ కాబట్టి తప్పే రాదు" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మీరే ఇంట్లో ఒక ముతక పరీక్ష చేయొచ్చు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు పక్కన యూనిట్‌కు ఎన్ని ఇంపల్సులో, అంటే ఎన్ని మిణుకులో, రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. ఇంట్లో అన్నీ ఆపేసి 1500 వాట్ల కెటిల్ ఒక్కటే నీళ్ళతో నింపి ఆన్ చేయండి. ఇస్త్రీపెట్టె వద్దు, అది వేడెక్కగానే దానంతట అదే ఆగిపోయి లెక్క చెడగొడుతుంది. 3200 మీటరైతే 3 నిమిషాల్లో లైటు దాదాపు 240 సార్లు మిణకాలి, 1600 అయితే 120. వోల్టేజి 10 శాతం తగ్గితే కెటిల్ లాగే వాట్లు 19 శాతం తగ్గుతాయి, కాబట్టి 200 వచ్చిందనో 250 వచ్చిందనో కంగారు పడొద్దు. 400 వస్తే మాత్రం ఊరుకోవద్దు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇదే లైనులో పక్కన ఇంకో చెక్ మీటరు పెట్టి కొన్ని రోజులు రెండూ పోల్చమని అడగండి. నోటిమాటగా "మీటరు కరెక్టే" అంటే ఒప్పుకోకండి, పరీక్ష కాగితం అడగండి.

*

ప్రశ్న: మా ప్రాంతానికి స్మార్ట్ మీటర్లు ఇంకా రాలేదు. ఆన్‌లైన్‌లో దొరికే ఎనర్జీ మానిటర్ కొని నేనే పెట్టుకుందామనుకుంటున్నాను. కొనమంటారా?
(ఒక యువ పాఠకుడు)

జవాబు: వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి స్మార్ట్ ప్లగ్గు, గోడ సాకెట్‌కూ వస్తువుకూ మధ్య పెట్టేది. రెండోది మెయిన్ వైరు చుట్టూ బిగించే క్లాంప్.

చాలా ఇళ్ళకు ఒక్క స్మార్ట్ ప్లగ్గు చాలు. ఒక వారం ఫ్రిజ్‌కు, ఇంకో వారం టీవీ, సెట్‌టాప్ బాక్సుల ఎక్స్‌టెన్షన్‌కు, మరో వారం ఇన్వర్టర్‌కు పెట్టి చూస్తే ఇంటి జాతకం మొత్తం తెలిసిపోతుంది. కొన్నాళ్ళు పోయాక దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు కూడా. 10 ఆంపియర్ల ప్లగ్గును గీజరుకో ఏసీకో పెట్టకండి, కరిగిపోయే ప్రమాదం ఉంది, దానికి 16 ఆంపియర్లదే వాడాలి. ప్రతి సాకెట్‌కూ ఒకటి చొప్పున పది కొంటే అవి పదీ కలిసి కొన్ని వాట్లు ఆగకుండా తింటాయి, ఆదా చేయడానికి కొన్నవే రాత్రిపూట గీతను పైకి లేపుతాయి.

క్లాంప్ కొనేముందు ఒక్క విషయం గట్టిగా చూడండి, అది వోల్టేజిని కూడా కొలుస్తుందా? చవక రకాలు కరెంటు ఒక్కటే కొలిచి, వోల్టేజి ఇంతే ఉంటుందని అనుకుని గుణించేస్తాయి. గీజరు, హీటరు లాంటి వాటికి ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది, మోటార్లకు, పాత ఫ్రిజ్‌లకు పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి వాడే వంతు, తక్కువ కాబట్టి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇంటి మీద సోలార్ ఉంటే మరీ తమాషా, కరెంటు లోపలికి వస్తోందో బయటికి పోతోందో దానికి తెలియదు, మీరు గ్రిడ్‌కు ఇస్తున్నది కూడా వాడకంలో వేసేస్తుంది. వోల్టేజి కొలిచేదే తీసుకోండి. బిగించేటప్పుడు ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టే పెట్టాలి, ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఈ పని మీరే చేయొద్దు బాబూ. మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైరు మీ ఇంటి స్విచ్ ఆపినా కరెంటుతోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

*

ప్రశ్న: మీటరు ద్వారా మనం ఇంట్లో ఉన్నామో లేదో వాళ్ళకు తెలిసిపోతుందంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు)

జవాబు: నిజమే. అరగంట లెక్కల్లోనే మీరు ఎప్పుడు లేచారు, ఎన్నింటికి పడుకున్నారు, ఏ రోజుల్లో ఊళ్ళో లేరు అన్నది తెలిసిపోతుంది. సెకన్ల లెక్క తీస్తే ఏ వస్తువు ఎప్పుడు వేశారో కూడా చెప్పొచ్చు. 1980ల్లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో జార్జ్ హార్ట్ అనే ఆయన, మెయిన్ దగ్గర కొలిచిన ఒకే ఒక్క గీత నుంచి లోపలి వస్తువుల్ని విడదీసి గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి కనిపెట్టిన మనిషే 1989లో ఇది ఇళ్ళ మీద నిఘాకు వాడే ప్రమాదం ఉందని హెచ్చరిస్తూ వ్యాసం రాశారు. నెదర్లాండ్స్ ఎగువ సభ 2009లో స్మార్ట్ మీటరు తప్పనిసరి చేసే బిల్లును ఈ కారణంతోనే ఆపింది, తర్వాత వద్దనుకునేవాళ్ళు వద్దనే హక్కుతో చట్టం వచ్చింది.

భయపడి మీటరు వద్దనమని నేను చెప్పను. అడగాల్సినవి అడగండి: ఎంతసేపటికోసారి రాస్తారు, ఎన్నాళ్ళు దాచిపెడతారు, ఇంకెవరికైనా ఇస్తారా. యాప్‌కు వాళ్ళిచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచకుండా మార్చుకోండి, అద్దెకున్నవాళ్ళు అయితే పాత అద్దెదారు ఫోన్ నంబరు ఇంకా ఆ ఖాతాలో ఉందేమో చూడండి. నిజానికి మనం సొంతంగా కొనే మానిటర్ల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన. అవి సెకన్ల లెక్కను ఏ దేశంలోని సర్వర్‌కు పంపుతున్నాయో చాలామంది చూడనే చూడరు. ఇంటి వైఫై దాటకుండా పనిచేసేవి కూడా దొరుకుతాయి, అలాంటిది చూసి కొనుక్కోండి.

*

ప్రశ్న: మీటరు రేడియేషన్ వల్ల పిల్లలకు ప్రమాదమా? మీటరు మా పడకగది గోడకు అవతల ఉంది.
(ఇద్దరు పిల్లల తల్లి)

జవాబు: కంగారు పడకండమ్మా. మీటరు ఎప్పుడూ పంపుతూనే ఉండదు, మధ్యమధ్యలో కొద్ది క్షణాలు పంపి ఊరుకుంటుంది. దూరం రెట్టింపైతే ఆ తరంగాల బలం నాలుగో వంతుకు పడిపోతుంది, మధ్యలో గోడ కూడా ఉంది. చెవికి ఆనించుకునే ఫోనుతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. రేడియో తరంగాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2011లో "ప్రమాదం ఉండే అవకాశం ఉంది" అన్న జాబితాలో పెట్టిన మాట నిజమే, అది అన్ని రేడియో తరంగాలకూ వర్తించే మాట. పిల్లల గురించి జాగ్రత్త పడాలనుకుంటే ముందు వాళ్ళ దిండు కింద ఫోను తీసేయండి.

*

ప్రశ్న: స్మార్ట్ మీటరుతో పాటు ప్రీపెయిడ్ చేస్తామంటున్నారు. మా నాన్నగారికి ఇంట్లోనే ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ నడుస్తుంది. బ్యాలెన్సు అయిపోతే అర్ధరాత్రి కరెంటు పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
(ఒక పాఠకుడు)

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఈ మీటరు లోపల ఒక రిలే, అంటే సంకేతం పంపితే పనిచేసే స్విచ్, ఉంటుంది, దూరం నుంచి ఆపేయడం దానివల్లే కుదురుతుంది. పాత పద్ధతిలో కనెక్షన్ తీయాలంటే ఒక మనిషి వచ్చి మీ గుమ్మంలో నిలబడాలి, మంచం మీద ఉన్న రోగిని చూస్తాడు, మీరు ఒక మాట చెప్పుకునే వీలుంటుంది. ఇప్పుడు ఆ మనిషి లేడు. బ్రిటన్‌లో కట్టలేని ఇళ్ళకు బలవంతంగా ప్రీపెయిడ్ మీటర్లు పెట్టడం పెద్ద గొడవై 2023లో ఆ దేశపు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ దాన్ని ఆపించింది, తర్వాత తెచ్చిన నిబంధనల్లో వైద్య పరికరాల మీద ఆధారపడినవాళ్ళ ఇళ్ళ జోలికి పోవద్దంది.

మీరు చేయాల్సింది, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, ఇంట్లో ప్రాణాధార పరికరం ఉందని విద్యుత్ సంస్థకు రాసివ్వండి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. బ్యాలెన్సు అయిపోయాక ఎంత గడువిస్తారు, రాత్రిపూట, సెలవు రోజుల్లో ఆపుతారా, డబ్బు కట్టాక ఎంతసేపటికి తిరిగి వస్తుంది అన్నవి కాగితం మీద అడగండి. వీలుంటే ప్రీపెయిడ్ వద్దని, నెల బిల్లు పద్ధతే ఉంచమని కోరండి. కాన్సెంట్రేటర్ మామూలుగా 300 వాట్లకు అటూ ఇటూ లాగుతుంది, అది ఆగకుండా నడిస్తే రోజుకు 7 యూనిట్లు దాటుతుంది, ఆ లెక్క ప్రకారం కనీసం పది రోజుల బ్యాలెన్సు ఎప్పుడూ ఉండేట్టు చూసుకోండి. ఇవన్నీ చేసినా లైను పాడైతే కరెంటు పోవచ్చు కాబట్టి ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో తప్పకుండా ఉంచండి, అది మీటరు ఏదైనా అవసరమే.

*

ప్రశ్న: రోజులో వేళను బట్టి రేటు మారుతుందని విన్నాను. మేము దంపతులం ఇద్దరమే, వాడకం చాలా తక్కువ. రెండు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, టీవీ. మాకిది అవసరమా?
(ఒక పెద్దాయన)

జవాబు: వేళను బట్టి రేటు అన్నది జరపగలిగిన లోడు ఉన్నవాళ్ళకే పనికొస్తుందండీ. వాషింగ్ మెషీన్, నీళ్ళ మోటారు, గీజరు, ముఖ్యంగా కరెంటు బండి ఛార్జింగు లాంటివి చవక వేళకు మార్చుకోవచ్చు. ఫ్యాన్‌ను ఉక్కపోసినప్పుడే వేయాలి, లైటును చీకటి పడ్డాకే వేయాలి, ఫ్రిజ్ ఎప్పుడూ నడవాలి. మీ జాబితాలో జరపగలిగింది ఒక్కటీ లేదు. ఎంచుకునే వీలుంటే మీరు రోజంతా ఒకే రేటు ఉండే పద్ధతిలోనే ఉండండి.

మీటరు ఉచితంగా పెడితే కాదనక్కర్లేదు, దానికోసం డబ్బు కట్టమంటే మాత్రం మీకు దండగ. ఆ డబ్బేదో ఫ్యాన్ల మీద పెట్టండి. మామూలు సీలింగ్ ఫ్యాను 70, 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారున్న) ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూ సరిపెట్టుకుంటుంది, రోజుకు 15 గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మారిస్తే నెలకు దాదాపు 20 యూనిట్లు తగ్గుతాయి, ఏ యాప్ తెరిచి చూడక్కర్లేదు. ముందు మీరు పడుకునే గదిలోది మార్చండి.